గాలం ఎంత లోతున నడవాలి?

నాగలి పట్టినవాడికి లోతు సంగతి ఇంకొకరు చెప్పనక్కరలేదు. కర్రు రెండంగుళాలు తక్కువ దిగితే గడ్డి వేరు తెగదు. నాలుగంగుళాలు ఎక్కువ దిగితే ఎడ్లు లాగలేక నిలబడిపోతాయి. అందుకని దున్నేవాడు మేడి మీద చెయ్యి ఆనించి, కాడిని ఏడికోల మీద ముందుకో వెనక్కో జరిపి కట్టి లోతు సరిచేసుకుంటాడు. కాడి దూరంగా కడితే కర్రు లోతుకి దిగుతుంది, దగ్గరగా కడితే పైపైన పోతుంది. దుక్కి కొద్దీ పంట అన్న మాట ఊరికే పుట్టలేదు.

నీళ్ళ మీద బతికేవాడికీ ఇలాంటి లెక్కే ఒకటుంది. అయితే అతని కర్రు కంటికి కనిపించదు. పడవ వెనక నూరు, నూటయాభై అడుగుల దూరాన నీటి కింద ఎక్కడో నడుస్తూ ఉంటుంది. అది చేపలున్న అంతస్తులో నడుస్తోందా, వాటి నెత్తి మీద ఎక్కడో నడుస్తోందా, కడుపు కింద నడుస్తోందా అన్నది తెలియకపోతే రోజంతా పడవ తిప్పినా ఖాళీ చేతులే. కాలిన డీజిలు మాత్రం కాలినట్టే.

ఆ లెక్క ఏమిటో ఈ వ్యాసంలో చూద్దాం. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఖరీదైన యంత్రాలూ అక్కరలేదు. అసలు ఈ పనిముట్టును తయారుచేసిన మనిషే మనలాంటి ఒక కూలివాడు.

ట్రాలింగ్ వేరు, ట్రోలింగ్ వేరు

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. మన పత్రికల్లో ట్రాలర్ అన్న మాట తరచు కనిపిస్తుంది. ట్రాలర్ అంటే సంచి లాంటి పెద్ద వలను సముద్రం అడుగున ఈడ్చుకుపోయే మరబోటు. అది అడుగున ఉన్న పిల్లా పెద్దా అన్నిటినీ ఊడ్చుకుపోతుంది. ట్రోలింగ్ అది కాదు. పడవ మెల్లగా పోతుండగా వెనక ఒకటో నాలుగో గాలపు తాళ్ళు వదిలి, వాటి చివర ఎరను ఈదించుకుంటూ పోవడం ట్రోలింగ్. ఒక గాలానికి ఒక చేప. ఉచ్చారణలో తేడా ఒక్క అక్షరమే గాని పనిలో తేడా చాలా పెద్దది. మన కోస్తాలో కోనాన్నీ, సూరనీ పడవ వెనక గాలం లాగి పట్టే పద్ధతి ఉంది. కోనం అంటే పట్నం మార్కెట్లో వంజరం. సూర అంటే ట్యూనా.

ఈ పనికి వాడే కృత్రిమ ఎరల్లో ఒక రకాన్ని ఇంగ్లీషులో క్రాంక్‌బెయిట్ అంటారు. చెక్కతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన చిన్న బొమ్మచేప అది. పొట్ట కింద, తోక దగ్గర గాలాలు వేలాడుతుంటాయి. మూతి కింద ఏటవాలుగా ఒక రేకు ఉంటుంది. ఊరికే నీళ్ళలో వేస్తే చాలా బొమ్మచేపలు తేలతాయి. లాగితే మునుగుతాయి. మునగడమే కాదు, దెబ్బ తిన్న చేపలా అటూ ఇటూ తల ఆడిస్తూ ఈదుతాయి. ఆ ఆట చూసి పెద్దచేప మోసపోతుంది.

కూలివాడి చేతిలో పుట్టిన ఎర

ఫిన్లాండ్ దేశంలో పైయన్నె అనే పెద్ద సరస్సు ఉంది. 1930ల ఆర్థిక సంక్షోభ కాలంలో ఆ సరస్సు ఒడ్డున లౌరి ర్యాపాలా అనే మనిషి కాపురం ఉండేవాడు. 1905లో పుట్టాడు. చలికాలంలో అడవిలో చెట్లు నరికేవాడు, పొలాల్లో కూలికి పోయేవాడు, నీళ్ళు కరిగాక సరస్సులో చేపలు పట్టేవాడు. తల్లితో కలిసి ఇంకో ఊరికి వలస వచ్చినప్పుడు, వాళ్ళు వదిలి వచ్చిన పల్లె పేరే చర్చి పుస్తకంలో ఇంటిపేరుగా ఎక్కిందని చెబుతారు. మనలోనూ సగం ఇంటిపేర్లు అలా ఊళ్ళ పేర్లే గదా!

చేపల వేటలో అతనికి పెద్ద బాధ ఎర. వందల గాలాలకు చిన్నచేపలను గుచ్చాలంటే ముందు ఆ చిన్నచేపలను పట్టాలి. సగం పొద్దు దానికే పోయేది. పడవ తెడ్లు వేస్తూ అతను నీళ్ళలోకి చూస్తుండేవాడు. పెద్దచేప గుంపు మీద పడినప్పుడు అన్నిటినీ ఒకేలా తరమడం లేదు. కాస్త వంకరగా, కాస్త తూలుతూ ఈదేదాన్ని ఏరి పట్టుకుంటోంది. అలా తూలే చేపను తానే చేసుకుంటే? చెప్పులు కుట్టేవాడి కత్తితో బెండు ముక్కను చెక్కాడు, గరుకు కాగితంతో నునుపు చేశాడు. మిఠాయిల మీది వెండి కాగితం పొలుసులయింది. పైన నీరు పట్టకుండా పూయడానికి రంగునూనె కొనే డబ్బు లేదు. పాత ఫొటో నెగెటివ్‌లను కరిగించి పూశాడు. ఇది 1936 సంగతి.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసిన దారినే నడిచింది. 1950ల చివర అమెరికా వ్యాపారుల కళ్ళు ఆ ఎర మీద పడ్డాయి. 1962 ఆగస్టులో లైఫ్ పత్రిక, సినీ నటి మారిలిన్ మన్రో మరణాన్ని ముఖచిత్రంగా వేసిన సంచికలోనే, ఈ ఎర మీద వ్యాసం వేసింది. సంచిక విపరీతంగా అమ్ముడుపోయింది, ఎరకు గిరాకీ పెరిగింది. ర్యాపాలా 1974లో చనిపోయాడు. ఇవాళ ఆ పేరు ప్రపంచమంతా తెలిసిన వ్యాపారపు పేరు. కాని దాని మూలం ఒక కూలివాడి కంటి చూపు, చేతి పని. ఇది మనం మరవకూడదు.

ర్యాపాలా చేసిన తొలి ఎర మూతిరేకు చిన్నది. అది పైపై నీళ్ళలోనే నడిచేది. లోతున ఉన్న చేపను అందుకోవడానికి తర్వాతివాళ్ళు పొడుగు రేకులు పెట్టారు, బరువులు కట్టారు, తాళ్ళు మార్చారు. అక్కడి నుంచి లోతు లెక్క మొదలయింది.

తలకిందుల గాలిపటం

సంక్రాంతికి పిల్లలు గాలిపటం ఎగరేస్తారు. గాలి పటాన్ని ఏటవాలుగా తాకి పైకి నెడుతుంది. దారం దాన్ని పోనివ్వకుండా పట్టుకుంటుంది. ఆ రెండు బలాల నడుమ పటం ఒక ఎత్తున నిలుస్తుంది. బొమ్మచేప అంటే నీళ్ళలో తలకిందులుగా ఎగిరే గాలిపటమే. నీరు దాని మూతిరేకును ఏటవాలుగా తాకి కిందికి నెడుతుంది. దారం పైకి లాగుతుంది. రెంటికీ సరిపోయిన చోట అది నిలకడగా నడుస్తుంది. ఈ ఒక్క పోలిక మనసులో పెట్టుకుంటే మిగతా సంగతులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఒకటి, రేకు. పొడుగైన రేకు, ఒంటి వరసలోనే దాదాపు ముందుకు చాచినట్టున్న రేకు బొమ్మను లోతుకి తీసుకుపోతుంది. పొట్టి రేకు, గడ్డం కింద నిలువుగా దిగిన రేకు పైపైనే నడిపిస్తుంది. అంగట్లో ఎర కొనేటప్పుడు రంగు కంటె ముందు చూడవలసింది ఇదే.

రెండు, దారం పొడవు. వెనక్కి ఎంత వదిలితే అంత లోతు అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. మొదటి 50 అడుగుల దారానికి దిగినంతగా రెండో 50 అడుగులకు దిగదు. మూడో 50 అడుగులకు ఇంకా తక్కువ. ఒక హద్దు దాటాక ఎంత వదిలినా బొమ్మ దిగదు. ఎందుకంటే దారం పెరిగే కొద్దీ దాని మీద నీటి ఒరిపిడి పెరుగుతుంది. రేకు కిందికి నెట్టే బలమంతా ఆ దారాన్ని ఈడ్చడానికే సరిపోతుంది. గాలిపటానికి కండె మొత్తం వదిలినా ఒక ఎత్తు దాటి లేవదు, దారం పొట్ట వేస్తుంది. ఇదీ అంతే.

మూడు, దారం లావు. లావు దారానికి ఒరిపిడి ఎక్కువ, సన్న దారానికి తక్కువ. అదే బొమ్మ, అదే పొడవు; సన్న దారం మీద లోతుకి పోతుంది, లావు దారం మీద పైకి తేలుతుంది. "నిన్న పక్క పడవవాడికి పడ్డాయి, మాకు పడలేదు, ఎర ఒకటే గదా" అని తల పట్టుకునేవాళ్ళు ముందు దారాలు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. సంగతి అక్కడే ఉండవచ్చు. అయితే సన్న దారం కొనేముందు అది ఆశించిన చేప బరువుకు ఆగుతుందా లేదా చూసుకోవాలి. అల్లిన దారాలు అదే బలానికి నైలాన్ ఒంటిపోగు కంటె సన్నగా ఉంటాయి. వాటి మీద బొమ్మ లోతుగా నడవడానికి కారణం ఇదే.

నాలుగు, బొమ్మ సరిగా ఈదడం. కొత్త బొమ్మయినా పక్కకు ఒరిగి పోతుంటుంది. ఒరిగినది లోతు దిగదు. పడవ పక్కనే కొద్ది దారం మీద లాగి చూడాలి. ఎడమకు పోతుంటే మూతి దగ్గర దారం కట్టే కన్నాన్ని పట్టకారుతో రవ్వంత కుడికి వంచాలి; కుడికి పోతుంటే ఎడమకు. నాచు ముక్క చుట్టుకున్నా లోతు పోతుంది. కర్ర మొన సన్నగా వణుకుతుంటే బొమ్మ సరిగా ఆడుతోందని గుర్తు. వణుకు ఆగిపోయిందంటే చెత్త పట్టిందని గుర్తు. అప్పుడు బద్ధకించకుండా పైకి తీసి చూడాలి.

వేగం దగ్గర జరిగే పొరపాటు

ఇక అసలు చిక్కు ఇక్కడే ఉంది. "జోరుగా లాగితే లోతుకి పోతాది" అంటాడు ఒకడు. "కాదు, జోరుగా లాగితే పైకి తేలిపోతాది" అంటాడు ఇంకొకడు. ఇద్దరూ తమ కళ్ళతో చూసిందే చెబుతున్నారు. మరి ఎవరిది నిజం?

ఇద్దరూ చెప్పేది రెండు వేర్వేరు పద్ధతుల సంగతి. ఒకటి రేకు బలంతో దిగే ఎర. రెండోది సీసపు గుండు బరువుతో దిగే ఎర.

రేకుతో దిగే ఎరను చూడండి. పడవ వేగం రెట్టింపు చేస్తే నీటి తాకిడి నాలుగింతలవుతుంది. రేకును కిందికి నెట్టే బలం నాలుగింతలు. దారాన్ని వెనక్కి, పైకి తోసే ఒరిపిడి కూడా నాలుగింతలే. రెండు పక్కలా ఒకే పాళ్ళలో పెరిగింది గనక తక్కెడ మొగ్గదు. అందుకని మామూలు వేగాల్లో ఇలాంటి ఎర లోతు పెద్దగా మారదు. మరీ మెల్లగా పోతే బొమ్మకున్న తేలే గుణం పైచేయి అవుతుంది, కాస్త పైకి వస్తుంది. మరీ జోరుగా పోతే అదుపు తప్పి గిరికీలు కొట్టి పైకి లేస్తుంది. ఆ రెండు కొసల నడుమ వేగంతో పెద్ద పేచీ లేదు.

సీసం కట్టిన తాడు సంగతి వేరు. సీసం బరువు వేగంతో పెరగదు. అరశేరు సీసం ఎప్పుడూ అరశేరే. కాని నీటి ఒరిపిడి మాత్రం పెరుగుతుంది. 4 నాట్ల నుంచి 6 నాట్లకు వేగం పెంచితే ఒరిపిడి రెండుంబావు ఇంతలవుతుంది, సీసం ఓడిపోతుంది, తాడు పైకి లేస్తుంది. వేగం తగ్గిస్తే సీసం గెలుస్తుంది, తాడు దిగుతుంది.

కాబట్టి గుర్తు పెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: రేకుతో దిగేదానికి దారం పొడవు చూడు, బరువుతో దిగేదానికి పడవ వేగం చూడు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఇవాళ చాలా పడవల్లో జీపీఎస్ ఉంటోంది. అది చూపేది భూమి లెక్కన వేగం. నీళ్ళలో ఉన్న ఎరకు తెలిసేది నీటి లెక్కన వేగం. సముద్రంలో నీరు 1 నాటు వేగంతో పారుతోందనుకోండి. జీపీఎస్ మీద 4 నాట్లు చూసుకుంటూ ఎదురు పోతే ఎర నిజంగా 5 నాట్లతో నడుస్తుంది. తిరిగి అదే 4 నాట్లతో వాలుకు వస్తే ఎర 3 నాట్లతోనే నడుస్తుంది. ఒరిపిడి లెక్కన చూస్తే 25కీ 9కీ ఉన్న తేడా. అంటే దాదాపు మూడింతలు. పోయేటప్పుడు ఒక్క చేపా పడలేదు, వచ్చేటప్పుడు నాలుగు పడ్డాయంటే అది అదృష్టం కాదు. తాడు లోతు మారింది. అందుకని యంత్రం అంకె కంటె తాడు వాలును నమ్మడం మేలు.

తాడు వాలును చదవడం

సీసం కట్టిన తాడు లోతును కంటి అంచనాతో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. కర్ర మొన నుంచి నీటి వరకు తాడు గాలిలో కనిపిస్తుంది గదా. ఆ కనిపించే ముక్క రెండు మూరల పొడవుకి ఒక మూర కిందికి దిగుతున్నట్టుంటే, నీళ్ళలో ఉన్న తాడు పొడవులో కనీసం సగం లోతున సీసం ఉన్నట్టు లెక్క. 10 బారల తాడు నీళ్ళలో ఉంటే 5 బారలకు తక్కువ కాదు. కనీసం అని ఎందుకంటున్నామంటే, తాడు నీటి అంచు దగ్గర వాలుగా ఉండి, కిందికి పోయే కొద్దీ నిటారు అవుతుంది. కాబట్టి నిజమైన లోతు మన లెక్క కంటె కాస్త ఎక్కువే ఉంటుంది.

అమెరికాలోని పెద్ద సరస్సుల్లో ఇదే పనికి సీసం తీగను లోపల పెట్టి అల్లిన తాడు వాడతారు. ప్రతి 10 గజాలకూ దాని రంగు మారుతుంది. 10 గజాలంటే మన 5 బారలు. గంటకు 2 మైళ్ళ వేగంలో ఒక్కో రంగుకు సుమారు 5 అడుగుల లోతు అని అక్కడివాళ్ళ మోటు లెక్క. అంటే ఎన్ని బారలు వదిలితే అన్ని అడుగులు. "ఎంత లోతున పడింది?" అని అడిగితే "నాలుగు రంగులు" అని జవాబిస్తారు. రంగుతాడు లేకపోయినా మనం చేయగలిగింది ఇదే. తాడుకు ప్రతి 5 బారలకూ రంగు నూలు చుట్టుకోవచ్చు.

ఇంకో పద్ధతిలో 50 అడుగుల దారం వదిలాక చిన్న బరువును దారానికి తగిలించి, ఆ పైన మరో 50 అడుగులు వదులుతారు. ఎర దగ్గర బరువు లేకపోవడంతో బొమ్మ సహజంగా ఆడుతుంది; నడిమి బరువు దారాన్ని కిందికి దించుతుంది. చేప పడ్డాక తాడు లాగుతూ బరువు చేతికందగానే తీసేస్తారు. ప్రతిసారీ అవే 50, 50 అడుగులు వదులుతారు గనక లోతు మళ్ళీ మళ్ళీ ఒకటే వస్తుంది. అసలు విద్య ఎంత లోతుకి దించామన్నది కాదు, చేప పడిన లోతుకి మళ్ళీ దించగలమా అన్నది.

మలుపులో దొరికే కబురు

పడవ మలుపు తిరిగేటప్పుడు బయటి వైపు తాడు ఎక్కువ దూరం తిరగాలి గనక జోరందుకుంటుంది. లోపలి వైపు తాడు మందగిస్తుంది. గానుగ చుట్టూ తిరిగే ఎద్దుల్లో వెలుపలిది ఎక్కువ నడిచినట్టే. సీసం తాళ్ళయితే లోపలిది కిందికి దిగుతుంది, బయటిది పైకి లేస్తుంది. మలుపులో చేప లోపలి తాడుకు పడిందా? అయితే చేపలు ఇంకా లోతున ఉన్నాయి, లేదా మెల్లగా పోయే ఎరను కోరుతున్నాయి. బయటి తాడుకు పడిందా? అయితే పైన ఉన్నాయి, లేదా జోరు కావాలంటున్నాయి. తెలివైన సరంగు చేపలు పడనప్పుడు తిన్నగా పోడు. పాములా మెలికలు తిప్పి చూస్తాడు. ప్రతి మలుపూ ఒక ప్రశ్న, పడిన చేప దానికి జవాబు.

మరో సంగతి. చాలా వేటచేపలు పైకి చూస్తూ వేటాడతాయి. తమకన్నా పైన పోయేదాన్ని లేచి అందుకుంటాయి గాని, తమ కింద పోయేదాని కోసం దిగడం తక్కువ. అందుకని లోతు సందేహంలో పడితే ఎరను చేపల వరస కంటె కాస్త పైన నడపడమే నయం. పొద్దెక్కే కొద్దీ వెలుగుకు జంకి లోతుకి దిగే చేపలున్నాయి. వాటికి తెల్లవారుజామున పనిచేసిన తాడు మధ్యాహ్నానికి పనిచేయదు.

చేను మీది ఎరువు, చెరువులో చేప

చేప ఏ అంతస్తులో ఉండాలో చేప ఒక్కటే నిర్ణయించుకోదు. ఒడ్డున ఉన్న పొలాలు కూడా నిర్ణయిస్తాయి. దీనికి అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ సరస్సే సాక్ష్యం.

అక్కడి అయిదు మహా సరస్సుల్లో ఈరీ అన్నిటికంటె లోతు తక్కువది. సగటు లోతు 19 మీటర్లు, అత్యధిక లోతు 64 మీటర్లు. వాలై అనే రుచికరమైన చేపకు అది పేరుపొందింది. బొమ్మచేపలను లోతు లెక్క చూసి లాగే విద్య బాగా పెరిగిన చోట్లలో అదొకటి. ఫ్యాక్టరీల మురుగుతోనూ, పట్టణాల మురికితోనూ 1960లలో ఆ సరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాశాయి. 1970లో చేపల్లో పాదరసం బయటపడి వాలై వేట ఆపవలసి వచ్చింది. 1972లో రెండు దేశాలూ నీటి శుభ్రత మీద ఒప్పందం చేసుకున్నాక, భాస్వరం వదలడం తగ్గించాక సరస్సు కోలుకుంది.

కాని పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువుల్లోని భాస్వరం మళ్ళీ పాత కథ తెచ్చింది. భాస్వరం తిని నాచు బలుస్తుంది. నాచు చచ్చి అడుగుకు చేరి కుళ్ళుతుంది. కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. వేసవి చివర సరస్సు నడిమి భాగంలో అడుగు నీళ్ళకు ఊపిరి ఉండదు. చేపలు ఆ పొరను వదిలి పైకి జరుగుతాయి. అక్కడ అడుగున గాలం నడిపితే రోజంతా నడిపినా ఏమీ దొరకదు. 2014 ఆగస్టులో విషపు నాచు పెరిగి, ఒడ్డునున్న టోలెడో నగరంలో లక్షలాది జనానికి కుళాయి నీళ్ళు తాగవద్దని చెప్పవలసి వచ్చింది.

చేనుకు వేసిన ఎరువు చేప లోతును మార్చింది, నగరం దాహాన్నీ మార్చింది. రైతు, జాలరి, కుళాయి దగ్గర బిందె పట్టుకు నిలబడ్డ మనిషి వేరువేరు కాదని ఇంతకంటె తేలిగ్గా ఎవరు చెప్పగలరు?

కూలివాడి వాటాలో లోతు లెక్క

"ఇదంతా సరదా వేటగాళ్ళ గోల, మనకెందుకు?" అని అడిగేవాళ్ళుంటారు. అడగవలసిన ప్రశ్నే. అమెరికాలో సెలవురోజున పడవ తిప్పేవాడికి చేప పడకపోతే పోయేది పొద్దు మాత్రమే. మన తీరంలో పోయేది బువ్వ.

మన దగ్గర చాలా చోట్ల పడవ మీద జీతాలుండవు, వాటాలుంటాయి. అమ్మిన డబ్బులోంచి ముందు డీజిలు, మంచు, తిండి ఖర్చు తీసేస్తారు. మిగిలిన దాంట్లో పడవకు, ఇంజనుకు పోగా పనివాళ్ళు పంచుకుంటారు. అంటే తప్పు లోతులో తిరిగిన ప్రతి గంటా కాల్చిన డీజిలు పనివాడి వాటాలోంచి కూడా కోసుకుపోతుంది. తాడు లెక్క తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం పడవ యజమాని ఒక్కడిదే కాదు. పైగా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనక అది అవసరమే. తుఫాను రోజులు కూడా పోగా మిగిలిన దినాల్లోనే ఏడాది గడవాలి. అలాంటప్పుడు ఒక్కో రోజు వేట ఎంత విలువైనదో వేరే చెప్పాలా?

ఎర ఎంత లోతున నడుస్తుందో చూపే పట్టికలు ఇవాళ ఫోన్లలో డబ్బుకు అమ్ముతున్నారు. చేపల గుంపును తెర మీద చూపే యంత్రాలున్నాయి. కొనగలిగినవాళ్ళు కొనుక్కోవచ్చు. కొనలేనివాళ్ళు చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. ఈ పట్టికలన్నీ ఒకప్పుడు ఎవరో తాడు వదిలి, అడుగు తగిలించి, రాసుకున్న అంకెలే. ఆ పని మనమూ చేయవచ్చు.

చేయవలసిన పని ఇది:

మొదట తాడుకు ప్రతి 5 బారలకూ ముడి గాని, రంగు నూలు గాని గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత లోతు ముందే తెలిసిన, రాళ్ళు లేని ఇసుక చోటు చూసుకోవాలి. లోతు తెలియకపోతే సీసపు గుండు దించి కొలవాలి. రోజూ పోయే వేగంతోనే పడవను నడుపుతూ తాడు కొంచెం కొంచెంగా వదలాలి. ఎర అడుగు తగలగానే తాడు తట్టి చెబుతుంది. అప్పుడు ఎన్ని గుర్తులు వదిలామో చూసుకోవాలి. 4 బారల నీళ్ళలో ఒకసారి, 6 బారల్లో ఒకసారి, 8 బారల్లో ఒకసారి ఇలా చూస్తే ఆ ఎరకు, ఆ తాడుకు, ఆ వేగానికి పట్టిక తయారయినట్టే. తాడు మార్చినా, సీసం మార్చినా మళ్ళీ కొలవాలి.

వేటలో నాలుగు తాళ్ళుంటే నాలుగూ ఒకే లోతున వదలకూడదు. లోతువి పడవకు దగ్గరగా, పైపైవి దూరంగా ఉంటే చిక్కు పడవు. చేప పడగానే ఉత్సాహంలో గుర్తు మరచిపోతారు. ముందు గుర్తు చూడాలి, తర్వాతే చేప. రెండో చేప కూడా అదే లోతున పడితే మిగతా తాళ్ళను ఆ లోతుకు మార్చాలి.

తారీఖు, పొద్దు, నీటి పారుదల, తాడు గుర్తు, పడిన చేప ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయాలి. రాయడం రానివాడు పిల్లల చేత రాయించుకోవచ్చు.

ఒక హెచ్చరిక. తాడును చేతికి గాని, కాలికి గాని ఎన్నడూ చుట్టుకోకూడదు. లోతున ఏం పడుతుందో ఎవరికీ తెలియదు. 2025లో అనకాపల్లి జిల్లా తీరానికి ఆవల గాలానికి పడిన కొమ్ముకోనం ఒక యువ మత్స్యకారుణ్ణి సముద్రంలోకి లాక్కుపోయింది. పక్కన కోత కత్తి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. తాడు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు.

ఇక చివరి మాట. తన లోతు లెక్కను గుట్టుగా దాచుకునే అలవాటు జాలర్లలో కొత్తది కాదు. విత్తనం సంగతి పక్కచేనువాడికి చెప్పని రైతులూ లేకపోలేదు. కాని సముద్రం పెద్దది, చేపలు తిరుగుతుంటాయి. ఒక ఊళ్ళో పది పడవలు పది పుస్తకాలు రాసి, వేట నిషేధపు రోజుల్లో వలలు బాగుచేసుకునే చోట కూర్చుని వాటిని కలిపి చదువుకుంటే, ఏ పున్నానికి ఏ లోతున కోనం తిరిగిందో ఊరంతటికీ తెలుస్తుంది. అప్పుడు ప్రతి పడవా వేరుగా వెతకనక్కరలేదు, వేరుగా డీజిలు కాల్చనక్కరలేదు. బెండు ముక్క చెక్కిన ఆ ఫిన్లాండ్ కూలివాడి దగ్గర పెట్టుబడి లేదు. చూసే కన్ను ఉంది, చేసే చెయ్యి ఉంది. ఆ రెండూ మన దగ్గర తక్కువేమీ కాదు.